హట్ బేలో దక్షిణ అమెరికా తాతలు

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఓడ ఊగి భయం వేసినప్పుడు నేను దేవుళ్ళను తలచుకోను. ఉరుగ్వే అనే దేశంలో ఒక పాత పార్టీ ఉంది. దాని నాయకులను వరసగా తలచుకుంటాను.

ఆ వరస నేర్పింది మా మావయ్య. సరుకుల ఓడల్లో వంట చేసేవాడు. ఆ దేశపు రేవులో ఓడ మరమ్మతుకు ఆగిపోతే అక్కడి ఎన్నికల హడావిడి అంతా చూశాడు. నాయకుల బొమ్మలు గుండ్రటి గళ్ళలో ఉన్న పెద్ద పటం కొని తెచ్చి, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో వెళ్ళే హట్ బేలో తన టిఫిన్ కొట్టులో తగిలించాడు. ఆ పేర్లకు నోరు తిరగక, పూరీలకు వచ్చేవాళ్ళు అందరినీ తాతలను చేశారు. పార్టీ పెట్టినాయన గుర్రం తాత. ఆయన మనుషులు టోపీలకు తెల్ల పట్టీ కట్టారు, ఎదుటివాళ్ళు ఎర్ర పట్టీ. తెల్ల కంబళి తాత యుద్ధంలో అందరికీ కనబడేలా కంబళి కప్పుకుని గుర్రమెక్కి, తూటా తగిలి పోయాడు. ఓటమి తాత ఎన్నోసార్లు ఓడి, ముసలితనంలో పార్టీని గెలిపించి, కొద్ది నెలలకే కన్నుమూశాడు. ఆ గెలుపుకు ముందు వాళ్ళు తొంభై ఏళ్ళకు పైగా అధికారం లేకుండా ఉన్నారు.

సునామీలో కొట్టు పోయింది. అత్త కనబడలేదు. మావయ్య రేకుల షెడ్డులో ఉంటున్నాడు. ఆ ఎండాకాలం అమ్మ నా సంచిలో ఆయనకు కొత్త చొక్కా పెట్టింది. "వానలు పడేలోగా తీసుకొచ్చెయ్. నీ మాటైతే వింటాడు" అంది.

పొద్దున్న ఆరు గంటల ఓడ. పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్‌లోని మా ఇంటి నుంచి జెట్టీకి ఆటోలో చీకటితోనే వెళ్ళాను. కింద పడుకునే బంకుల దగ్గర ఇంజిన్ నూనె వాసన భరించలేక డెక్ మీదకు వచ్చాను. అక్కడ కూర్చున్నవాళ్ళంతా సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. తుష్నాబాద్ నుంచి కూతురికి కూరగాయలు తీసుకెళ్తున్న ఒక మామ్మ నా చేతిలో నిమ్మకాయ పెట్టింది.

"ఏటి పిల్లా, మొహం అలాగైపోనాది? ఇది వాసన చూడు. అటుకేసి చూడకు."

"ముందు చూసేవాళ్ళం కదా మామ్మా."

"ముందు అది మనది."

క్యాంటీన్‌లో పూరీ, బంగాళాదుంప కూర దొరికాయి కానీ తినలేకపోయాను. మధ్యాహ్నం రెండు గంటలకు హట్ బే చేరాం. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు కొని జీపెక్కాను. ఉప్పునీటికి మాడిన కొబ్బరిచెట్లు, గోడలు లేని గచ్చులు. మావయ్య కొట్టులో పొయ్యి గట్టు ఒక్కటే మిగిలింది.

"వచ్చావేటే బుల్లీ? తిన్నావా?" అన్నాడు మావయ్య, నిన్ననే చూసినట్టు.

ఆయన వెనక రేకుకు పటం వేలాడుతోంది. అద్దం లేదు. గళ్ళలో మొహాలు నీటికి కొట్టుకుపోయి తెల్లగా ఉన్నాయి. కాలర్లు, ఒక గడ్డం, గుర్రం కాళ్ళు మిగిలాయి. ఆ తెల్లటి మొహాలకు బొట్లు, గళ్ళకు పూలదండలు.

"మా ఫోటోలన్నీ బహ్ గయా, కొట్టుకుపోనాయి దీదీ," అంది పక్క షెడ్డు వరాలమ్మ. "ఇదొక్కటే ముళ్ళపొదకి తగులుకొని దొరికినాది. మొహాల్లేవు కదా, పోనోళ్ళ కోసం తలా ఒకటి తీసుకున్నాం. గుర్రం మీదున్నాయన మా ఆయన. సైకిలే రాదు, గుర్రమెక్కేసినాడు చూడు!" ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గడ్డం మిగిలిన గడి బెంగాలీ దీదీ వాళ్ళ అత్తగారిదట.

ఒక్క గడికి మాత్రం దండ లేదు, బొట్టు లేదు. అందులో తెల్ల కంబళి మిగిలి ఉంది.

"అది మీ అత్తకి వదిలేసినాం. మీ మావ ఎవుల్నీ ముట్టుకోనివ్వడు," అని వరాలమ్మ గొంతు తగ్గించింది.

సాయంత్రం చొక్కా ఇచ్చి అమ్మ మాట చెప్పాను. ఆయన టీ కాస్తూ వెనక్కి తిరగలేదు.

"వోళ్ళు తొంభై ఏళ్ళు కూకున్నారే. నాలుగు నెల్లకే మీ అమ్మకి తొందరా?"

"వాళ్ళది ఎన్నికలు, మావయ్యా." ఎదురు చెప్పడం నాకదే మొదలు.

"ఓట్లు లెక్కెట్టకుండా ఓడిపోనానన్నోడు వోళ్ళలో ఒక్కడైనా ఉన్నాడేటే?"

అత్త శవం దొరకలేదు.

మర్నాడు మావయ్య కొత్త చొక్కా వేసుకుని నా సంచి భుజాన తగిలించుకున్నాడు. జెట్టీ దాకా ఆశపడుతూనే నడిచాను. అక్కడ సంచి నాకిచ్చి, రెండో టికెట్టు టికెట్ దొరకని ఒక బాలింతకు ఇప్పించాడు.

ఓడ ఊగినప్పుడు అలవాటుగా వరస మొదలుపెట్టాను. గుర్రం తాత దగ్గర వరాలమ్మ భర్త వచ్చాడు, గడ్డం దగ్గర బెంగాలీ ముసలమ్మ. నా పాత వరస ఇక నాకు తిరిగి రాదనిపించింది. తెల్ల కంబళి దగ్గరకు వచ్చి ఆగిపోయాను. అందరిలాగే సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, మావయ్య ఆఖరున అన్న మాట అమ్మకు ఎలా చెప్పాలా అని పోర్ట్ బ్లెయిర్ దాకా ఆలోచించాను. హట్ బే జెట్టీలో ఓడ మెట్లెక్కుతున్న నన్ను వెనక్కి పిలిచి చెప్పాడు:

"మీ అమ్మ అడిగితే చెప్పు బుల్లీ, తెల్ల కంబళి తాతకి ఇంకా బొట్టు పెట్టలేదని."