ముప్పై ఒక్క సీసాలు

బావులు తవ్వేవాళ్ళకు మాటలు తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. సీసాల తాత నోట్లో నువ్వుగింజ నానదు. నలభై ఏళ్ళు నేల కడుపులో ఒంటరిగా పలుగు వేసిన మనిషి, పైకొచ్చాక ఆ లోటంతా తీర్చుకునేవాడు.

ఆయనకు ఆ పేరు తెచ్చింది ముందుగదిలోని చెక్క అర. తవ్విన ప్రతి బావిలోంచీ దోసెడు కంకర తీసి, కడిగి, సీసాలో పోసి చీటీ అంటించేవాడు. ఎవరి బావి, ఎన్ని అడుగుల దగ్గర కంకర తగిలింది, ఎంత మందం. అలా ముప్పై ఒక్క సీసాలు. మొదటిది చెల్లెలి పెరటి బావిది. ఆమె కొత్తగా కాపురం పెట్టినప్పుడు అన్నగా ఆయన ఇచ్చిన కానుక ఆ బావే. “అందరిళ్ళలో అర మీద గిన్నెలుంటాయి, మనింట్లో రాళ్ళు” అని భార్య బతికున్నన్నాళ్ళూ సణిగింది. వచ్చినవాళ్ళెవరూ ఆ అర ముందు రెండు నిమిషాలు నిలబడిన పాపాన పోలేదు.

నిరుడు ఒక సర్వేయరు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒక్కో సీసానూ వెలుతురుకు పెట్టి చూశాడు.

“మా ఆఫీసులో చదువుకున్నవాళ్ళు కూడా ఇంత పని చెయ్యలేదు తాతగారూ.”

అంతే, డెబ్బై ఏళ్ళ మనిషి మునగచెట్టెక్కి కూర్చున్నాడు. ఎవరి తరఫున వచ్చావు బాబూ అని ఒక్క మాట అడగలేదు. మూడు రోజులు అతన్ని వెంటబెట్టుకుని పొలాలన్నీ తిప్పాడు. కంకర ఎక్కడ దట్టంగా ఉందో, ఎక్కడ పలచబడుతుందో గట్ల మీద కర్రతో గీసి చూపించాడు. అతను సీసాలు కావాలని అడిగితే పాత గుడ్డల్లో చుట్టి, పగలకుండా తనే పెట్టెల్లో సర్ది ఇచ్చాడు.

ఆరు నెలలకు పంచాయతీ ఆఫీసు గోడ మీద నోటీసు పడింది. ఊరికి పడమట కంకర క్వారీ, అరవై అడుగుల లోతు. పక్కన పటంలో ముప్పై ఒక్క చుక్కలు. తాత ఆ చుక్కల మీద వేలు పెట్టి ఒక్కో బావినీ పోల్చుకున్నాడు. చివరి చుక్క చెల్లెలి పెరడు.

లారీలు బడి ముందు సందులోంచే తిరుగుతాయని కొందరు బెంగపడ్డారు. దుమ్ముకు పిల్లల ఊపిరితిత్తులు ఏమవుతాయోనని కొందరు. అందరికీ ఉన్న భయం బావులది. అక్కడ నీళ్ళు నిలిచేదే ఆ కంకర పొరలో. క్వారీ కంపెనీవాళ్ళు నమూనాకని గుంట తవ్వి, ఊరే నీళ్ళను పగలంతా పంపులతో తోడి పారబోస్తూనే ఉన్నారు. తాతను ఎవరూ తిట్టలేదు. పలకరించడం మానేశారు. తిట్టినా అంత బాధపడేవాడు కాదు.

చెల్లెలు మాత్రం మొహానే అనేసింది. “కొరివితో తల గోక్కున్నావు అన్నయ్యా. నీ తల ఒక్కటే అయితే పోనీలే అనుకుందును.” ఆ తర్వాత ఆమె కూడా మాట్లాడలేదు.

క్వారీ మీద ఊరి అభిప్రాయాలు వినడానికి అధికారి వచ్చిన రోజు బడి హాల్లో బల్ల మీద సీసాలు వరసగా ఉన్నాయి. తాత లేచాడు.

“అయ్యా, ఆ సీసాలు నావి. ఆ రాళ్ళన్నీ నీళ్ళలోంచి తీసినవే. కంకర పోతే మా నీళ్ళు పోతాయి.”

అధికారి మర్యాదస్తుడే. ఒక సీసా తిప్పి చీటీ చదివాడు. “పద్దెనిమిది అడుగుల దగ్గర కంకర. అక్కణ్ణించి ఇంకో పన్నెండు అడుగులు తవ్వినా కంకర అయిపోలేదు. బాగా రాశారు. నీళ్ళ సంగతి ఎక్కడ రాశారు?”

“రాయలేదండీ.”

“ఒక్క చీటీ మీదా రాయలేదా?”

“నీళ్ళ కోసమే కదండీ తవ్వింది. అది మళ్ళీ రాయడమెందుకు?”

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. “నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో బావివారీగా రాసి నెలలోపు ఇవ్వండి, ఫైల్లో పెడతాను” అన్నాడు అధికారి.

మర్నాటి నుంచి తాత అడుక్కో ముడి వేసిన తాడుకు రాయి కట్టుకుని బావి బావికీ తిరిగాడు. తాడు జారవిడవడం, తడిసిన ముడి చూడడం, రాసుకోవడం. ప్రతిచోటా నీళ్ళు ఆయనకు గుర్తున్న చోటుకన్నా కిందే ఉన్నాయి. పంపులు ముందే తమ పని చేసేశాయి. ఇప్పుడు ఏం రాసినా, ఈ ఊరి నీళ్ళు మొదటినుంచీ ఇంతేనని తన చేత్తో తనే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

అన్నిటికన్నా చివర చెల్లెలి పెరట్లోకి వెళ్ళాడు. ఆమె వచ్చి తాడు కొస పట్టుకుంది. తడిసిన ముడి దాకా పైకి లాగి లెక్కపెట్టింది.

“ఇరవై ఆరు.”

“నిరుడు ఈ రోజులకి ఇరవై ఉండేది” అన్నాడు తాత.

“ఇరవై అనే రాసెయ్యి. ఎవరికి తెలుస్తుంది?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏ చీటీ మీదా అబద్ధం రాసి ఎరగడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని ఇరవై ఆరు అని రాశాడు.

చెల్లెలు ఆ అంకె చూసింది. “ఆ చీటీల మీద అప్పుడే నీళ్ళ గురించి ఒక్క ముక్క రాసుకునుంటే ఏం పోయేది అన్నయ్యా?”

“నీళ్ళు ఎక్కడికి పోతాయిలే అనుకున్నానమ్మా.”