ఫోన్ దిసారి చెప్పిన పుస్తకం

అది 2023. వెళ్లిపోతానన్న వానాకాలం మనసు మార్చుకుని ఇంకొన్నాళ్లు కూర్చున్న ఏడాది. అరకు లోయకి పైన, ఒక సంత ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి నేను లైబ్రేరియన్ని. కింద శృంగవరపుకోట వైపు పుట్టి పెరిగినదాన్ని. బదిలీ మీద కొండెక్కాక నేర్చుకున్న మొదటి సంగతి, పొద్దున్నే కిటికీలు తెరవకూడదని. తెరిస్తే పొగమంచు లోపలికొచ్చి, పాఠకుల బెంచీ మీద దర్జాగా కూర్చుంటుంది. పుస్తకాలు నానిన అప్పడాల్లా మెత్తబడిపోతాయి. పేపర్లు మధ్యాహ్నం బస్సుకొస్తాయి. అప్పటిదాకా నేనూ, నా బీరువాలూ, ఎక్కడో కనపడకుండా మోగే మేకల గంటలూ.

మా పనిలో రీడర్స్ అడ్వైజరీ అని ఒకటుంది. పేరు పెద్దది గానీ పని చిన్నదే. వచ్చిన మనిషితో కాసేపు మాట్లాడి, వాళ్లకి ఏ పుస్తకం నప్పుతుందో చూసి చేతిలో పెట్టడం. ఇన్నేళ్ల సర్వీసులో నేను కాస్తో కూస్తో గర్వపడేది ఆ ఒక్క విషయంలోనే. అలాంటిది ఆ ఏడాది ఆ పనికి ఫోను అడ్డొచ్చింది. "మీరెలాంటివారో చెప్పండి, మీ పుస్తకమేదో మేం చెబుతాం" అనే క్విజ్‌లు తెలుగులో కూడా మొదలయ్యాయి. కొండా సముద్రమా, వాన పడితే ఏమనిపిస్తుంది, ఒంటరిగా ఉంటే ఏం చేస్తారు... ఇలా వరసగా ప్రశ్నలు. చివర్న మీరు ఫలానా రకం మనిషి, మీకు ఫలానా పుస్తకం అని తేల్చేస్తుంది. కాలేజీ ఆడపిల్లలు సిగ్నల్ కోసం మా వరండాలోకొచ్చి ఆడేవాళ్లు. మొదట్లో నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం నాది, పెత్తనం దానిదా అని. తర్వాత చూస్తే, ఆ వంకన పిల్లలు లోపలికొచ్చి బీరువాల ముందు నిలబడుతున్నారు. సరే పోనీ అని, క్విజ్ చెప్పిన పుస్తకానికి దగ్గరగా మా దగ్గరున్నదేదో వెతికిచ్చేదాన్ని.

సుమిత్ర అలా వచ్చిన పిల్లే. ఘాటీ పైన, జీపు దిగి నడిచి వెళ్లాల్సిన ఊరు వాళ్లది. ఇంటర్ పాసై, విశాఖపట్నంలో నర్సింగ్ కోర్సుకి సీటు తెచ్చుకుంది. చేరే గడువు దగ్గర్లోనే ఉంది. ఒక సంత రోజున వాళ్లమ్మ బుద్రితో కలిసి వచ్చింది. అక్కడ అక్కని అప్ప అంటారు, నేనూ ఆమెని అలాగే పిలిచేదాన్ని. బుద్రి అప్ప విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు అమ్ముకుని, ఖాళీ గంప పక్కన పెట్టుకుని, గడప మీద చతికిలబడి కూతుర్ని చూస్తోంది. మొహం నిండా మురిపెం. సుమిత్ర క్విజ్‌కి జవాబులు నొక్కేసి, ఫోను నాకిచ్చింది. ఏది కనిపించినా పైకి చదవడం నాకలవాటు. పెద్దగొంతుతో చదివాను.

"మీరు దారి మరిచిన మేఘం. ఏ చూరూ మిమ్మల్ని కట్టిపడేయలేదు. వెళ్లిన చోటే మీ ఊరు."

పిల్లలంతా కిలకిలా నవ్వారు. "ఓహో మేఘమా, ఎక్కడ కురుస్తావే!" అని ఏడిపించారు. బుద్రి అప్ప మాత్రం నవ్వలేదు.

"ఏటి మేడమ్, మళ్లీ సెప్పు," అంది.

మళ్లీ చదివాను. ఆమె లేచి, గంప నెత్తిన పెట్టుకుని "బేగి రాయే, జీపెల్లిపోతాది" అని కూతుర్ని తీసుకుపోయింది.

తర్వాతి సంతకి సుమిత్ర ఒక్కతే వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"అమ్మ పంపదంట మేడమ్. ఫోన్ దిసారి సెప్పినాది కదా, ఎల్లిన గుంట తిరిగి రాదని, అంటంది."

గుంటంటే ఆడపిల్ల. దిసారి అంటే ఆ ఊళ్లలో మంచీ చెడూ చూసే పెద్దమనిషి. విత్తనం ఎప్పుడు జల్లాలో, పండగ ఎప్పుడు చెయ్యాలో ఆయనే చెబుతాడు. ఎవరికైనా కష్టమొస్తే చేటలో బియ్యం పోసుకుని, ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలడిగి, చివరికి ఒక మాట చెబుతాడు. ఇప్పుడు నాకు అర్థమైంది. మనిషి గురించి వరసపెట్టి అన్ని ప్రశ్నలడిగి చివర్న ఒక్క మాట చెప్పడమన్నది బుద్రి అప్ప పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒకే చోట చూసింది. అది ఆట అని ఆమెకెలా తోస్తుంది? పైగా ఆమె చెల్లెలొకతి చాలా ఏళ్ల కిందట కిందికి, సముద్రం పక్కన రొయ్యల చెరువుల పనికి వెళ్లింది. మళ్లీ రాలేదు. కబురూ లేదు. ఆ భయం ఆ గుండెలో ఎప్పట్నుంచో ఉంది. ఫోను దానికి నోరిచ్చింది, అంతే.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవడో మహానుభావుడు ఫ్యాను కింద కూర్చుని మేఘమనీ, చూరనీ కవిత్వం వెలగబెడితే, ఇక్కడ ఒక పిల్ల చదువు ఆగిపోవాలా!

"మీ దిసారి తాతనే అడక్కపోయారా? ఆయన చెబితే మీ అమ్మ వింటుంది కదా," అన్నాను.

"అడిగినాం మేడమ్. నానడగని మాటని నానెలా తీత్తాను, అడిగినోళ్లే వచ్చి తియ్యాల అన్నాడు తాత. పైకి సదివినాది మీరే కదా, మీరే రావాల."

నేనా! మాట తియ్యడానికా! బాబోయ్, లైబ్రరీ సైన్స్‌లో ఆ పేపరు లేదే అనుకున్నాను. కానీ ఆ పిల్ల మొహం చూశాక కాదనలేకపోయాను. సెలవు రోజున నాలుగు పుస్తకాలు సంచిలో వేసుకుని బయల్దేరాను.

జీపు దిగిన చోట లోకమంతా తెల్లగా ఉంది. సుమిత్ర ముందు నడుస్తుంటే ఆమె ఎర్ర వోణీ ఒక్కటే నాకు దారి. సిల్వర్ ఓక్ చెట్లు ఒక్కొక్కటే దగ్గరకొచ్చి నిలబడి, మళ్లీ వెనక్కి వెళ్లిపోతున్నాయి. ఆ చెట్ల కింద కాఫీ కాయలు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి. ఒక మలుపు తిరిగేసరికి కాళ్ల కింద మంచు విడిపోయి, వాలంతా నూనెగింజల చేలు, వలిసెపూల పసుపు కనిపించింది. అంతలోనే మూసుకుపోయింది. నేను నిజంగా చూశానో లేదో నాకే అనుమానమొచ్చింది. నడుస్తున్నానా, నిద్రలో ఉన్నానా అన్నట్టుంది. వచ్చిన పని కూడా కాసేపు మర్చిపోయాను.

ఇంటికి చేరేసరికి దిసారి తాత అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు చేరారు. వాళ్లలో వాళ్లు ఒడియా కలిసిన తమ మాటలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. బుద్రి అప్ప వేడివేడి చోడి అంబలి, అదే రాగి అంబలి తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"అడుగు మేడమ్," అంది.

ఫోను తీశాను. సిగ్నల్ లేదు. చెయ్యి పైకెత్తాను, అరుగు చివరికి వెళ్లాను, గుండ్రంగా తిరిగాను. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు.

"ఫోను నేకపోతే నీకు నోరు నేదేటి?" అన్నాడు తాత.

నిజమే కదా! ఇన్నేళ్లూ నేను చేసిన పని అదేగా. సిగ్గేసింది, నవ్వొచ్చింది. ఫోను సంచిలో పడేసి, బుద్రి అప్ప ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. ఈసారి ప్రశ్నలు కూతురికి కాదు, ఆమెకే.

"వాన పడితే నీకేమనిపిస్తుందప్పా?"

"వలిసెలు పాడైపోతాయనిపిత్తాది."

"ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తావు?"

"ఒక్కదాన్నీ ఎప్పుడున్నాను? అడివిలో ఉన్నా మేకలుంటాయి."

"కొండా, సముద్రమా?"

"సముద్రం నాను సూడనేదు. మా సెల్లిని ఉంచీసుకున్నాది," అంది. ఆపేద్దామనుకున్నాను గానీ, తాత కానీమన్నట్టు తలూపాడు.

"ఇల్లంటుకుందనుకో అప్పా. ఒక్క వస్తువే చేతికందుతుంది. ఏం తీసుకుంటావు?"

ఆమె ఆలోచించను కూడా లేదు. తలెత్తి లోపల పొయ్యి పైన, దూలానికి వేలాడుతున్న ఎండిన ఆనపబుర్ర చూపించింది. పొగకి నల్లబడి నిగనిగలాడుతోంది.

"అందులో ఇత్తనాలున్నాయి. చోడి, కొర్ర, సామ. ఇంట్లో గింజలన్నీ అయిపోనా అయి ముట్టం. ఆకలేసినా ముట్టం. అయుంటేనే కదా మళ్లీ ఏడు."

ఇప్పుడు తేల్చి చెప్పాల్సిన వంతు నాది. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు మంత్రం రాదు, మాయ రాదు. సంచిలో చెయ్యి పెట్టి, అట్ట ఊడిపోతే నేనే బైండింగ్ చేయించిన ఒక లావుపాటి నవల తీశాను. నది మీద పడవ నడిపే ఒక ఆడమనిషి కథ అది.

"ఇదప్పా, నీ పుస్తకం."

"నాకు సదువు రాదు కదా!"

"నీ గుంటకొచ్చు కదా."

సుమిత్ర చదవడం మొదలుపెట్టింది. మొదట్లో బడిపిల్లలా గబగబా చదివింది. తర్వాత్తర్వాత గొంతు కుదురుకుంది. అక్కడక్కడా ఆగి, తమ మాటలో తల్లికి విడమర్చి చెబుతోంది. మంచు అరుగు దాకా వచ్చి ఆగింది. తాత చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తియ్యలేదు. ఎవరో తెచ్చిన పనసగింజలు పొయ్యిలో చిటపటమంటున్నాయి. కథలో ఆ మనిషి నిండు నెలల చూలాలిని పడవెక్కించుకుని అవతలి ఒడ్డుకి బయల్దేరింది. నది మధ్యకొచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. ముందూ వెనకా తెలీదు. అరుగు మీద కూర్చున్న మేమందరం ఆ పడవలోనే ఉన్నాం.

అంతలో కింద జీపు హారన్ వినిపించింది. అది ఆఖరి జీపు, జనం నిండేదాకా ఆగుతుంది గానీ, పోతే నాకిక దారి లేదు. లేచాను.

"తర్వాతేటైనాది?" బుద్రి అప్ప నా కొంగు పట్టుకున్నంత పని చేసింది.

"అది సుమిత్ర సెలవలకొచ్చి చదువుతుంది."

ఆమె చటుక్కున నా మొహంలోకి చూసింది. నేను మళ్లీ కూర్చుని మెల్లిగా చెప్పాను. "మా దగ్గర ఇష్యూ అని ఉంటుందప్పా. పుస్తకం ఎవరి కార్డు మీద ఇస్తే వాళ్లదే పూచీ. ఇది సుమిత్ర కార్డు మీద రాస్తాను. పుస్తకం నీ దగ్గరుంటుంది. చదివే గొంతు విశాఖపట్నం వెళ్తుంది. చదవడం అయ్యాక, తనే వచ్చి నాకు తిరిగివ్వాలి."

"రాకపోతే?"

ఏం చెప్పను? అబద్ధం చెప్పలేను. అప్పుడు సుమిత్రే అంది, "అమ్మా, నిండుసూలాలు నది మద్దెలో ఉన్నాది. దాన్నలాగొదిలీసి నానుండగలనేటి?" అని. అంటూనే ఏడ్చేసింది. తల్లి ఏడవలేదు. చాలాసేపు కూతురి మొహమే చూసి, తాత వైపు తిరిగింది.

"మేడమ్ ఇప్పుడు సరిగ్గా అడిగినాది," అన్నాడు తాత, ఆరిపోయిన చుట్ట మళ్లీ ముట్టించుకుంటూ. "ఆ మాట పోనాదిలే."

నేను చూస్తుండగానే బుద్రి అప్ప ఆ పుస్తకాన్ని అడ్డాకుల్లో చుట్టి, నారతో కట్టి, పొయ్యి పైన ఆనపబుర్ర పక్కన వేలాడదీసింది. పుస్తకం నిప్పు మీద! లైబ్రేరియన్ గుండె జారిపోయింది. "అప్పా, పొగ..." అన్నాను. "పొగుంటేనే పురుగు పట్టదు," అంది తాపీగా. మా బీరువాల్లో నాఫ్తలీన్ గోళీలు పెట్టి కూడా చెదపురుగుల్ని ఆపలేనిదాన్ని నేను. నోరు మూసుకుని జీపెక్కాను.

సుమిత్ర గడువులోపే వెళ్లి చేరింది. గడువు తీరినప్పుడల్లా ఆ పుస్తకాన్ని నేనే రెన్యువల్ చేస్తూ వచ్చాను. రెన్యువల్ అంటే ఇంకొన్నాళ్లు ఉంచుకోమని కొత్త తేదీ వెయ్యడం. చైత్రంలో కొండ ఊళ్లన్నీ చేసుకునే ఇటుకల పండగకి ఆ పిల్ల కొండెక్కి వచ్చింది. ఆ తర్వాతి సంతలో బుద్రి అప్ప ఒక్కతే లైబ్రరీకొచ్చి, నా బల్ల మీద గుప్పెడు పనసగింజలు పోసింది.

"కథ అయిపోయిందా అప్పా? పుస్తకమేదీ?"

"అవనేదు. సివర్ని కొన్ని కాయితాలుంచీమన్నాను."

"అదేంటి! తర్వాతేమైందో తెలుసుకోవాలనిపించలేదా?"

"ఎందుకనిపించదు? పేణం లాగీసినాది," అని నవ్వింది. "అయి ఇత్తనాలకుంచీనాను సెల్లీ."

అప్పటిదాకా మేడమ్ అని తప్ప పిలవని మనిషి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఇప్పుడు సుమిత్ర కోర్సు చివరికొస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఆ పుస్తకం దించి, మొదట్నుంచీ చదువుతుందట. ఊరంతా చేరుతుందట. చివరి పేజీల దగ్గర తల్లి చెయ్యి అడ్డం పెడుతుందట. ఏటా మా దగ్గర స్టాక్ వెరిఫికేషన్, అంటే పుస్తకాల లెక్క చూడటం జరిగినప్పుడు ఆ పుస్తకం ఎదురుగా "ఇష్యూలో ఉంది" అని సంతోషంగా రాస్తాను. క్విజ్‌ల మీద నాకిప్పుడు కోపం లేదు. పిల్లలు వరండాలో ఆడుకుంటారు, నేనూ నవ్వుతాను. కానీ బీరువా దగ్గరకొచ్చినవాళ్లని నువ్వెలాంటి మనిషివని అడగడం మానేశాను. ఎవరికి చదివి వినిపిస్తావు అని అడుగుతున్నాను. ఆ జవాబులోంచే పుస్తకం దొరుకుతోంది నాకు.

మొన్న సంతలో పొగమంచు బాగా పట్టి ఉంది. బుద్రి అప్ప గంప నెత్తికెత్తుకుని వెళ్తూ వెళ్తూ, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"సెల్లీ, ఆ పడవ ఒడ్డుకి సేరినాదో నేదో నీకు తెలుసు కదా?"

తెలుసు. ఆ పుస్తకం నేనెప్పుడో చదివాను. అవునంటూ నోరు తెరిచాను.

"తెలిసినా సెప్పకు," అని వేలు చూపించి, నవ్వుకుంటూ మంచులోకి వెళ్లిపోయింది. అందుకే ఆ పుస్తకం పేరు ఇక్కడ కూడా రాయలేదు.