మలేరియా సారు అడగని ప్రశ్న

గద్వాలలో నేతవాళ్ల వాడలోకి రామచంద్రయ్య అడుగుపెట్టాడంటే సగం ఇళ్లలో ఉన్నట్టుండి ఎవరూ ఉండేవారు కాదు. ఆయన సొంతూరు తిమ్మాజిపేట, ఉద్యోగం మలేరియా శాఖలో. పదిహేను రోజులకోసారి ఇంటింటికీ వచ్చి, జ్వరమొచ్చిన వాళ్ల వేలు సూదితో పొడిచి, గాజుపలక మీద నెత్తుటి చుక్క తీసుకుని, గోలీలిచ్చి, వచ్చిన తేదీ గోడ మీద రాసి పోయేవాడు. ఎనభైల్లో ఆ వాడలో క్యాలెండర్ లేని ఇళ్లున్నాయి గానీ రామచంద్రయ్య చేతిరాత లేని గోడ లేదు.

జనానికి సూదంటే భయం లేదు, గోలీలంటేనే భయం. ఆ తెల్ల గోలీలు మింగితే రెండు రోజులు అన్నం కూడా చేదే. కొందరికి కడుపులో తిప్పేది, కొందరికి ఒళ్లంతా దురద. మగ్గం మీద కూర్చున్నవాళ్లకు కళ్లు మసకబారి పోగులు అలుక్కుపోయేవి. అందుకని ఆయన ముందు మింగినట్టు నటించి, ఆయన సందు మలుపు తిరగ్గానే ఉమ్మేసేవారు. రామచంద్రయ్య తక్కువ తిన్నాడా? మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. గోలీ వేసి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేవాడు.

"దురద పెడ్తుంది సారూ" అంటే, "పెట్టనీ, జరం పోయిందా లేదా అది చెప్పు" అనేవాడు. "కండ్లు తిరుగుతున్నయ్" అంటే, "కూసోని మింగు" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయినా ఆయన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. ఆయన సొంత తమ్ముడు ఆ చేదుకు ఓర్వలేక సగం గోలీలు పారేసి, జ్వరం తిరగబెట్టి చచ్చిపోయాడు. ఆ దుఃఖమే ఆయన నోట కసురుగా బయటికొచ్చేది.

ఆ ఏడు వానాకాలంలో బాలకిష్టయ్య మంచమెక్కాడు. చీర అంచులకు వాడే పట్టుకు రంగులద్దడం ఆయన పని. ఎక్కడ చెయ్యి కడిగినా అక్కడి నీళ్లు ఎర్రబడేవి. వణుకుడు జ్వరమొచ్చింది, నెత్తురు పరీక్షలో మలేరియా అని తేలింది. తెల్ల గోలీలతో జ్వరం దిగింది. కానీ రోగం కాలేయంలో దాక్కుని మళ్లీ తిరగబెట్టకుండా, ఇంకో రకం చిన్న గోలీలు ఐదు రోజులు మింగాలి. రామచంద్రయ్య రోజూ పొద్దున్నే వచ్చి దగ్గరుండి మింగించాడు. మూడు రోజులు గడిచినా బాలకిష్టయ్య ఒక్క సణుగుడు సణగలేదు.

"ఈ వాడ మొత్తం మీద నువ్వొక్కనివే బుద్ధిమంతునివి కిష్టన్నా" అని రామచంద్రయ్య మెచ్చుకున్నాడు కూడా.

ఆ బుద్ధిమంతుడు ఒక సంగతి దాచాడు. మూడో రోజు పొద్దున ఆయన మూత్రం పాలు పోయని చాయలా నల్లగా పడింది. ఆయన కంగారు పడలేదు. రంగు బానలో చేతులు నానబెట్టేవాడికి ఎప్పుడో ఒకప్పుడు రంగు ఒంట్లోకి దిగుతుందని, దిగితే బెల్లం నీళ్లు తాగి బయటికి పంపాలని వాళ్ల తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో నమ్మకం. ఆయనా చెంబెడు బెల్లం నీళ్లు తాగాడు.

"సారుకు చెప్దామా?" అంది భార్య భాగ్యలక్ష్మి.

"గోలీ తప్పించుకునేతందుకు సాకు అంటడు. ఇది మన రంగుల బాధ. ఆయనకేం తెలుస్తది" అన్నాడు.

నాలుగో రోజు రామచంద్రయ్య గోలీలు అందిస్తే బాలకిష్టయ్య మంచం మీద నుంచే చెయ్యి చాపాడు. ఆ అరచెయ్యి చూసి రామచంద్రయ్య ఆగిపోయాడు. ఏళ్ల తరబడి ఎర్రగా చూసిన చెయ్యి ఇవాళ ఉతికిన పాత పంచెలా తెల్లగా ఉంది. ముఖంలోకి చూశాడు. కళ్లు పచ్చబడ్డాయి. లేచి కూర్చోవడానికే మనిషి ఆయాసపడుతున్నాడు.

"ఏమైంది కిష్టన్నా?"

"ఏం లేదు సారూ. జర నీరసం."

భాగ్యలక్ష్మి ఇక ఉండబట్టలేకపోయింది. "ఒంటికి పోతే నల్లగ పోతుంది సారూ, నిన్నటి సంది. రంగు దిగిందంటుండు."

"రంగుల పని జేసి ఎన్ని రోజులాయె?"

"జరమొచ్చిన సంది బాన ముట్టలే. పదిరోజులాయె."

"పదిరోజుల సంది ముట్టని రంగు నిన్న ఎట్ల దిగుతది చెల్లె?"

అడిగాక ఆ ప్రశ్న ఆయనకే గుచ్చుకుంది. ఎప్పుడో ట్రైనింగులో పెద్ద డాక్టరు చెప్పాడు: ఈ చిన్న గోలీ కొందరి నెత్తురుకు పడదు, మూత్రం నల్లబడితే వెంటనే ఆపాలని. ఇన్నేళ్లలో ఏ ఒక్క ఇంట్లోనూ ఆ మాట అడగలేదు. జనంతో నోరు తెరిపించింది గోలీ దాచారేమోనని చూడ్డానికే గానీ, వాళ్లు చెప్పేది వినడానికి కాదు. గోలీలు వెనక్కి తీసుకున్నాడు.

"మింగకు. ఇది నీ రంగు కాదు, నా గోలీ జేసిన పని. దవాఖానకు పోదాం, లే."

రిక్షాలో కూర్చోబెట్టి, పడిపోకుండా ఒడిసి పట్టుకుని తీసుకుపోయాడు. కొందరికి పుట్టుకతోనే ఈ గోలీ పడని నెత్తురు ఉంటుందని, మిగిలిన గోలీలు కూడా పడి ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. భాగ్యలక్ష్మి తమ్ముడు మార్కండేయ నెత్తురిచ్చాడు. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. భాగ్యలక్ష్మి గ్రామదేవత జమ్ములమ్మకు మొక్కుకుంది. రామచంద్రయ్య వార్డు బయట గోడకానుకుని కూర్చుండిపోయాడు. తిట్టడానికి వస్తోందేమో అనుకుంటే ఆమె దగ్గరికొచ్చి, "పొద్దటి సంది ఏమన్న తిన్నవా సారూ?" అని అడిగింది. అప్పుడు ఆయనకు ఏడుపు ఆగలేదు.

మూడో రోజుకు మూత్రం తేటబడింది. నెల తిరిగేసరికి బాలకిష్టయ్య మళ్లీ బాన ముందున్నాడు.

ఆనాటి నుంచి రామచంద్రయ్య గోలీ ఇచ్చే ముందు మీ ఇంట్లో ఎవరికైనా ఇది పడకపోవడం ఉందా అని, ఇచ్చిన మర్నాడు మూత్రం ఏ రంగుగా పోతుందని అడగడం మొదలుపెట్టాడు. వాడ ఊరుకుంటుందా? 'మూత్రం సారు' అని పేరు పెట్టింది. ఆయన పట్టించుకోలేదు. ఆయన బాధల్లా ఒకటే. బాలకిష్టయ్య సంగతి పాకి, గోలీ మింగేవాళ్లు ఇంకా తగ్గిపోయారు.

దీపావళి దాటాక, భయపడినట్టే బాలకిష్టయ్యకు చలిజ్వరం తిరగబెట్టింది. ఈసారి తెల్ల గోలీలే ఇవ్వాలని డాక్టరు రాసిచ్చాడు. అవి పట్టుకుని రామచంద్రయ్య గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఏంది సారూ, గాడనే నిల్సినవు?" అన్నాడు బాలకిష్టయ్య దుప్పటిలోంచి.

"నా చేతి గోలీ మల్ల మింగుతవో లేదో అని."

"ఆపింది గూడ నువ్వే గద సారూ. ఇయ్యి."

మింగాడు. మర్నాడు రామచంద్రయ్య వచ్చేసరికి బాలకిష్టయ్య అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. అందరూ జ్వరం వచ్చినప్పుడల్లా ఏడాదిగా ఆయన్ని తప్పించుకు తిరుగుతున్నవాళ్లే.

"నేనే పిలిపించిన సారూ" అన్నాడు బాలకిష్టయ్య. "గోలీ తింటే ఎవరికేం అయితదో నీకు జెప్పి మింగుతరంట. ఇను."

రామచంద్రయ్య సంచి దించి వాళ్ల పక్కనే కూర్చున్నాడు. ఒకరికి దురద, ఒకరికి కళ్ల మసక, ఒకరికి వాంతులు. అన్నీ విన్నాడు, అన్నీ రాసుకున్నాడు. అన్నం తిన్నాక వేసుకొమ్మని ఒకరికి, మగ్గానికి సెలవైన అమావాస్య దాకా జ్వరం ఆగదు కాబట్టి ఇప్పుడే మూడు రోజులు మగ్గం ఆపమని ఇంకొకరికి చెప్పాడు. వింటూ వింటూ వాకిట్లో ఇంకా కొందరు చేరారు. మధ్యాహ్నానికి సంచిలో గోలీలు అయిపోయి, మళ్లీ తేవడానికి ఆయన ఆఫీసుకు పోవలసి వచ్చింది.