తల తట్టిన సైగ

తెనాలిలో శ్యామసుందరి నాన్న పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. కూతురికీ ఊపిరి పట్టడం, వాయించడం నేర్పాడు. ఆమె తప్పు వాయిస్తే తిట్టేవాడు కాదు. వేలితో తన తల తట్టుకునేవాడు, బుర్ర పెట్టమని. అప్పుడు ఆమె ఇంకా కష్టమైన స్వరాలు అందుకునేది.

చదువుకోవడానికి సిడ్నీ వచ్చింది. ఆ నగరంలోనే పారమట్టాలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం దొరికింది. అక్కడే బీబాప్ అనే వేగమైన జాజ్ సంగీతం విన్నది. అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ దాన్ని తమకు తోచినట్టు, పరుగుమీద అల్లుకుపోతారు. చివరికి అందరూ ఆ పాటకే తిరిగి రావాలి. ఆమె శాక్సఫోన్ కొనుక్కుని రికార్డింగులు వింటూ నేర్చుకుంది. అపార్ట్‌మెంటులో పక్కవాళ్లు ఊరుకోరు కాబట్టి కారు వెనక సీట్లో, అద్దాలు మూసుకుని వాయించేది.

అలా ఏళ్లు గడిచాయి. నలభై దాటాక, ఒక జాజ్ బృందంలో శాక్సఫోన్ చోటు ఖాళీ అయిందని తెలిసి, వాయించి చూపడానికి వెళ్లింది. అది దక్కకపోతే తన సంగీతం కారులోనే ఉండిపోతుందని ఆమెకు తెలుసు.

బాగానే మొదలుపెట్టింది. కాసేపటికి బృందం పెద్ద గ్రెగ్ ఆమె వైపు చూసి వేలితో తల తట్టుకున్నాడు. ఆమెకు అది నాన్న సైగే. కళ్లు మూసుకుని ఇంకా జోరుగా వాయించింది. కళ్లు తెరిస్తే అతను మళ్లీ తట్టుకుంటున్నాడు. ఇంకా పైకి వెళ్లింది.

ఆమె ఆపేసరికి గది నిశ్శబ్దంగా ఉంది.

జాజ్‌లో అసలు పాటని 'హెడ్' అంటారని, తల తట్టుకోవడమంటే దానికి తిరిగి రమ్మని అర్థమన్నాడు గ్రెగ్. రికార్డింగుల్లో సైగలు వినపడవు.

"చివర్లో వాయించింది గొప్పగా ఉంది. కానీ పియానో ఎప్పుడో ఆగిపోయింది. విన్నావా?"

ఆమె వినలేదు.

ఇంట్లో సంగతి విని భర్త వంశీధర్ పగలబడి నవ్వాడు.

"ఎవరు తల గోక్కున్నా నీకు మీ నాన్నే కనపడతాడేంటే!"

"నవ్వకు వంశీ. సైగ తెలీకపోతే పోయింది, అడిగి తెలుసుకోవచ్చు. పియానో ఆగిపోతే వినపడలేదు నాకు."

"మరి వాళ్లేమన్నారు?"

"ఏమంటారు? వేరే అతన్ని తీసుకున్నారు."

"ఇంకో బ్యాండే లేదా ఏంటి సిడ్నీలో? ఆ సైగ ఇప్పుడు తెలిసిందిగా."

 మర్నాడు ఆమె గ్రెగ్‌కు ఫోన్ చేసి, రిహార్సల్‌కు వచ్చి వినవచ్చా అని అడిగింది. రమ్మన్నాడు.

శాక్సఫోన్ తీసుకెళ్లలేదు. వారం వారం పియానో పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పియానో వాయించే అతను ఎక్కడ ఒత్తుతాడో, ఎక్కడ ఎదురుచూస్తాడో విన్నది. ఆ రోజు తను వాయించేటప్పుడు తన కోసం ఎదురుచూసి ఆగిపోయిన మనిషి ఇతనే.

చలికాలంలో కొత్త శాక్సఫోన్ అతనికి జ్వరం వచ్చింది. గ్రెగ్ ఆమెను పిలిచాడు. ఆమె వంతు వచ్చినప్పుడు కొంచెమే వాయించింది. మధ్యలో ఒకచోట ఆగింది. ఆ ఖాళీలోకి పియానో వచ్చింది. అటు నుంచి వచ్చిన మాట విని, అప్పుడు బదులిచ్చింది.

ఆ చోటు ఇప్పటికీ ఆమెది కాదు. పిలిచినప్పుడు వెళుతుంది.