అన్న ఇస్తానన్న పలక

2013వ సంవత్సరం. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో లో విజన్ గది నా బాధ్యతగా ఉండేది. లో విజన్ అంటే కళ్లద్దాలతో గాని, ఆపరేషన్‌తో గాని ఇక బాగుపడని చూపు. అలాంటి చూపు ఉన్నవాళ్లను డాక్టరుగారు నా గదికి పంపేవారు. మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో నేర్పడం నా పని. ఒక బల్ల, నల్లటి పరదా, రకరకాల భూతద్దాలు నిండిన సొరుగు. ఇంతే నా గది.

అప్పుడప్పుడే టాబ్లెట్ కంప్యూటర్లు మా ఊరి సెల్‌ఫోన్ దుకాణాల్లోకి దిగాయి. మా పేషెంట్లు దాన్ని పలక అనేవాళ్లు. అది కొనవచ్చా, కొంటే పనికివస్తుందా అని తరచుగా ఎవరో ఒకరు అడిగేవారు. నేను వెంటనే జవాబు చెప్పేవాణ్ణి కాదు. ఆ మనిషి ఏం చదవాలనుకుంటున్నాడు, ఎలాంటి వెలుతురులో చదువుతాడు, ఉన్న చూపు ఇంకెన్నాళ్లు నిలుస్తుంది అని విచారించి, మా డాక్టరుగారి టాబ్లెట్‌తో పరీక్ష చేసేవాణ్ణి. ఆ తర్వాత, అప్పటికే దాన్ని వాడుతున్న మరో పేషెంటు దగ్గరకు ఒకసారి పంపేవాణ్ణి. ఇవన్నీ అయ్యాక చాలామందికి వద్దనే చెప్పాను. తప్పకుండా కొనమని చెప్పిన కొద్దిమందిలో దానియేలు ఒకడు. ఆనాటి డైరీలు పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

దానియేలుది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. యాభై దాటిన మనిషి. ఫ్యాక్షన్ రోజుల్లో నాటుబాంబు పేలి కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి రెండు నష్టాలు జరిగాయి. కంటి ముందుండే గాజులాంటి పొరను కార్నియా అంటారు. దాని మీద మచ్చలు పడ్డాయి. పైగా గ్లకోమా వచ్చింది. అంటే కంటిలోపలి నీటి ఒత్తిడి పెరిగి, చూపు నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. గ్లకోమాలో పోయిన చూపు ఏ మందుకూ తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికే చుక్కల మందు.

దెబ్బ ఎలా తగిలిందని కేసు షీటులో రాయాలి. "నాపరాళ్ల గనిలో మందు పేలింది అని రాసుకో సారూ" అన్నాడు. మా ప్రాంతంలో ఆ వయసు మగవాళ్ల కంటి దెబ్బలు చాలావరకు గనుల్లోనే తగిలినట్టు రాసి ఉండేవి. నేనూ అలాగే రాశాను. ఏ నాయకుడి కోసం, ఏ జీపులో వెళ్లి ఆ దెబ్బ తిన్నాడో ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆ నాయకుణ్ణి ఆ చుట్టుపక్కల అన్న అనేవాళ్లు. నేనూ ఇక్కడ అన్న అనే అంటాను. ఏ పార్టీ అన్నది అనవసరం. మధ్యలో ఒకసారి మారాడు కూడా.

దానియేలుకు కావలసింది ఒక్కటే. వాళ్ల ఊరి చర్చిలో ఆదివారం బైబిలు వాక్యం చదవడం వాళ్ల నాయన పని. ఆయన తర్వాత దానియేలుకు వచ్చింది. బాంబు తర్వాత కూడా ఒంటికంటితో ఏళ్ల తరబడి చదివాడు. రెండేళ్లుగా అక్షరాలు ఆనడం లేదు. కొన్నాళ్లు కంఠతా వచ్చినవి చెప్పి నెట్టుకొచ్చాడు. ఒక ఆదివారం మధ్యలో తప్పిపోయి నిలబడిపోయాడట. ఆ తర్వాత చర్చిలో వెనక వరసలో కూర్చుంటున్నాడు.

"భోజనం కూడా సరిగ్గా చేయడం ల్యా సారూ" అని అతని భార్య కరుణమ్మ చెప్పింది. ఆమె బడిలో ఆయాగా పనిచేసేది. "కన్ను పోయిన నాడు కూడా ఈ మాదిరి కూచోల్యా."

భూతద్దాలన్నీ ప్రయత్నించాం. లాభం లేకపోయింది. మచ్చలున్న కార్నియాకు తెల్ల కాగితం శత్రువు. వానకు తడిసిన బస్సు అద్దం మీద ఎదురు లారీ దీపం పడితే ఎలా ఉంటుందో, తెల్ల పేజీ అతనికి అలా కనబడుతుంది. అక్షరం పెద్దదైతే చాలదు, వెనకనున్న తెలుపు పోవాలి. టాబ్లెట్‌లో రంగులు తిరగేసే సదుపాయం ఉంది. నల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు వస్తాయి.

పరదా వేసి డాక్టరుగారి టాబ్లెట్ తెరిచాను. మొదట తెలుగు అక్షరాలకు బదులు వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఆ రోజుల్లో చాలా యంత్రాలకు తెలుగు లిపి ఉండేది కాదు.

"ఏంది సారూ, ఇంత దుడ్లు పోసి కొనే దానికి తెలుగే రాదా?" అంది కరుణమ్మ. "మా మనవరాలే నయం. అంగన్‌వాడీకి పోయి అ ఆలు నేర్చుకునింది."

దానికి నా దగ్గర ఉపాయం ఉంది. దానియేలు గుడ్డలో చుట్టి తెచ్చుకున్న తన పుస్తకం తెరిచి, పేజీని టాబ్లెట్‌తోనే ఫోటో తీశాను. ఫోటోకు ఏ భాషయినా ఒకటే. పెద్దది చేసి, రంగులు తిరగేసి అతని ముందు పెట్టాను. అతను గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. మెల్లగానే, కాని ఎక్కడా తడుముకోలేదు. పంక్తి చివరికి రాగానే వేలితో తనే పేజీ జరిపాడు.

"ఏమప్పా, బాగా కనబడుతోందా?" అన్నాను.

"గమ్మునుండు సారూ, చదువుకోనీ."

కరుణమ్మ నవ్వింది. "పెండ్లయినప్పటి నుంచి నన్నంటాండాడు ఆ మాట. ఈ పొద్దు మీకూ పడె."

తర్వాత పద్ధతి ప్రకారం వాళ్లను పులివెందులకు పంపాను. అక్కడ మెహరున్నీసా అని రిటైరైన టీచరు, నా పాత పేషెంటు, ఏడాదిగా టాబ్లెట్‌తో చదువుకుంటున్నారు. ఆమె వీళ్లను పూటంతా కూర్చోబెట్టుకుని, అన్నం పెట్టి, ఫోటో తీయడం, పెద్దది చేయడం కరుణమ్మకు కూడా నేర్పారు. చర్చి కిటికీ ఎదురుగా నిలబడవద్దని, కిటికీకి వీపు పెట్టి చదవమని చెప్పారు. తిరిగి వచ్చాక కరుణమ్మ ఆమె మాటలను అప్పజెప్పింది. "చార్జింగ్ మరిచిపోతే ఇది పలక కాదు, చపాతీ పీట అనె ఆయమ్మ. మా ఊర్లో కరెంటు ఎప్పుడుంటాదో ఆయమ్మకేం తెలుసు? బడిలో పెట్టుకొస్తాలే, ఆడ ఇన్వర్టరుండాది."

ఆమె అలా అన్నప్పుడే నిర్ణయం అయిపోయిందని నాకు అర్థమైంది. అయినా డాక్టరుగారు చెప్పమన్నది స్పష్టంగా చెప్పాను. చుక్కలు వేస్తున్నా ఒత్తిడి దిగడం లేదు. ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు కూడా పోయే ప్రమాదం ఉంది. ఈ కన్ను ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. కొంటే ఇప్పుడే కొనాలి, లేకపోతే కొనకూడదు.

"ఎన్నాళ్లు చదువుతాడు సారూ?" అని కరుణమ్మ అడిగింది.

"ఏడాది అని ఆశ. గ్యారంటీ ఇవ్వలేను."

"ఏడాదంటే శానా ఆదివారాలు కదప్పా" అన్నాడు దానియేలు, భార్య ఏదైనా అనేలోగా.

దూడను అమ్మిన సొమ్ము ఆమె సంచిలోనే ఉంది. దుకాణం మా వీధి చివర. ఇప్పుడే వెళ్లి కొందామా అన్నాను. దానియేలు ఒప్పుకోలేదు. "ఆదివారం సంఘంలో చెప్పి, పాస్టరయ్యతో ప్రార్థన చేయించుకోని కొంటాం. మా కాడ ఎద్దు తెచ్చినా, బోరు మోటరు తెచ్చినా అట్లనే సారూ. అందరికీ చెప్పకుండా ఏదీ కొనం."

ఆ మాట నాకు నచ్చింది. మంచి ఆచారం అనుకుని పంపించాను.

తర్వాత ఒత్తిడి పరీక్షకు వచ్చినప్పుడు పలక ఏదని అడిగాను. జరిగింది కరుణమ్మ చెప్పింది. ఆదివారం చర్చిలో ప్రకటించారట. పొద్దు మునిగేలోగా మాట అన్న చెవిన పడింది. మరుసటి రోజు అన్న జీపు వచ్చింది. "'నా కోసం కన్ను పోగొట్టుకున్నోడు దూడనమ్మి కొనుక్కోవడమేంది? నేను సచ్చినానా? పలక నేనిస్తా. ఎవురూ కొనగాకండి' అని చెప్పి పంపినాడు సారూ" అంది కరుణమ్మ.

"ఎప్పుడిస్తాడు?"

"ఇస్తా అనినాడు."

బయటివాళ్లకు ఇది సంతోషించాల్సిన విషయంలా కనబడుతుంది. మా ప్రాంతం తెలిసినవాళ్లకు దీని బరువు తెలుసు. నాయకుడి కోసం దెబ్బ తిన్న మనిషిని జీవితాంతం నాయకుడే చూసుకోవాలి. అది అతని పరువు. ఆయన ఇస్తానన్న వస్తువును ఆ మనిషి సొంతంగా కొనుక్కుంటే, అన్న చూసుకోవడం లేదని ఊరందరికీ చాటినట్టే. అవతలి పార్టీవాళ్లు ఆ మాటను రచ్చబండ మీద పెడతారు. కొనుక్కున్నవాడికి ఆ తర్వాత ఆ ఊళ్లో నీళ్లు పుట్టవు.

"ఎవరికీ చెప్పకుండా కొనండి. ఇంట్లో పెట్టుకుని చదువుకుంటాడు" అన్నాను.

"చర్చిలో చదివేదానికే కదా సారూ కొనేది" అంది కరుణమ్మ. "గుట్టుగా కొని యాడ చదువుతాడు?"

ఆసుపత్రి తరఫున ట్రయల్‌కు ఇచ్చినట్టు రాసి డాక్టరుగారి టాబ్లెట్ ఇప్పిస్తానన్నాను. దానియేలు తల అడ్డంగా ఆడించాడు. "అన్న ఇచ్చేలోపల ఇంకొకరిది ముట్టుకుంటే, అన్న ఆలస్యం చేసినాడని చూపించినట్టయితాది. వద్దు సారూ. ఇస్తాడు. ఒట్టి మనిషి కాడు."

ఒక్క ఏర్పాటు మాత్రం కుదిరింది. పరీక్షకు వచ్చిన ప్రతిసారీ నా గదిలో పరదా వేసుకుని డాక్టరుగారి టాబ్లెట్ మీద చదువుకునేవాడు. ఆసుపత్రిలో చేసేది పరీక్షే కాబట్టి దానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు. కరుణమ్మ బయట బెంచీ మీద కూర్చుని, లోపలినుంచి వినబడే గొంతు వింటూ ఉండేది. సమైక్యాంధ్ర ఉద్యమంలో బస్సులు ఆగిపోయిన రోజుల్లో కూడా ఎవరిదో మోటారు సైకిల్ మీద వచ్చారు. ఒత్తిడి పరీక్ష కోసం వచ్చారని డాక్టరుగారు అనుకున్నారు. నాకు తెలుసు దేనికి వచ్చారో.

వచ్చిన ప్రతిసారీ అక్షరం సైజు పెంచాల్సి వచ్చేది. పంక్తి పట్టే చోట రెండు మాటలే పట్టేవి, తర్వాత ఒక్క మాటే. అన్నకు గుర్తు చేయమని కరుణమ్మకు చెప్పేవాణ్ణి. ఆమె వెళ్లి అడిగేది. హైదరాబాదు నుంచి వస్తోందన్నారు. మంచి కంపెనీది చూస్తున్నారన్నారు. తర్వాత, అందరితో పాటు సభలో ఇస్తారని చెప్పారు.

ఒకరోజు దానియేలు కుర్చీలో కూర్చుని, చేతులు బల్ల మీద పెట్టుకుని, "ఆన్ చేయి సారూ" అన్నాడు.

టాబ్లెట్ అప్పటికే వెలుగుతోంది. వెలుతురు ఇంకా పెంచాను. "చేశాను దానియేలూ" అన్నాను.

అతను కాసేపు తల అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తన పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకున్నాడు. "చార్జింగ్ అయిపోయిందేమో సారూ" అన్నాడు. నేనూ అవునన్నాను. బయట కరుణమ్మ ఏమీ అడగలేదు. లోపలినుంచి గొంతు వినబడకపోవడంతో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

2014లో ఎన్నికల ప్రకటనకు కొద్ది ముందు జమ్మలమడుగులో సభ జరిగింది. కరుణమ్మ రమ్మంటే వెళ్లాను. కుట్టు మిషన్లు, మూడు చక్రాల బండ్లు వరసగా పెట్టి ఉన్నాయి. చూపు పోయిందని ఆమె ముందే చెప్పిందట. జాబితాలో పేరు ఉంది, వచ్చి తీసుకోమని అన్న మనుషులు అన్నారట. దానియేలును వేదిక మీదకు పిలిచారు. అన్న అతని భుజం మీద చేయి వేసి, టాబ్లెట్ చేతిలో పెట్టి, మైకులో, "మా దానియేలు. నాకోసం ప్రాణమిచ్చే మనిషి. చదువప్పా, నాలుగు మాటలు చదువు, జనం వింటారు" అన్నాడు.

"కనపడదన్నా" అన్నాడు దానియేలు. మైకు దగ్గరగా ఉంది, అందరికీ వినబడింది. "ఇంతకు ముందయితే కనపడ్తాండె."

అందులో నిష్ఠూరం లేదు. వివరం చెప్పినట్టే చెప్పాడు. అన్న వెంటనే మైకు దగ్గరకు లాక్కుని, "మద్రాసుకు తీసుకపోయి ఆపరేషన్ చేయిస్తా. కన్ను తెప్పిస్తా. ఇది నా మాట" అన్నాడు. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. గ్లకోమాలో పోయిన చూపును తెచ్చే ఆపరేషన్ ఏ ఊళ్లోనూ లేదని ఆ మైదానంలో తెలిసినవాళ్లం ముగ్గురమే. దానియేలు, కరుణమ్మ, నేను.

ఆ ఏడాది చివర జమ్మలమడుగు వైపు కంటి శిబిరానికి వెళ్లినప్పుడు వాళ్ల ఇంటికి వెళ్లాను. టాబ్లెట్ గూట్లో ఉంది. దాన్ని ఎవరికైనా చదువుకునే పిల్లలకు ఇవ్వకూడదా అన్నాను.

"అన్న ఇచ్చింది సారూ, ఎట్ల ఇస్తాం?" అంది కరుణమ్మ. "వారానికోసారి బడికి తీసకపోయి చార్జింగ్ పెట్టుకొస్తాండా. వాళ్ల మనుషులు ఎప్పుడన్నా వచ్చి చూస్తే వెలగాల కదా."

అరుగు మీద కూర్చున్న దానియేలు, శిబిరంలో ఎంతమందికి కంటి అద్దాలు ఇచ్చారని అడిగాడు. చెప్పాను. మంచిది సారూ అన్నాడు.

ఆ తర్వాత నేను మరికొన్నేళ్లు ఆ గదిలో పనిచేశాను. కన్ను, వెలుతురు, అక్షరం, ఇవే చూసి ఒక వస్తువు పనికివస్తుందో లేదో చెప్పవచ్చని అంతకు ముందు అనుకునేవాణ్ణి. దానియేలు విషయంలో నా లెక్క తప్పలేదు. ఏడాది అన్నాను. దాదాపు అంతే నిలిచింది. ఆ ఏడాది ఎవరి చేతిలో ఉంటుందో మాత్రం నేను అడగలేదు. ఆ తర్వాత, కొనమని చెప్పదలచుకున్న ప్రతి మనిషినీ ముందుగా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఇది మీరు కొనుక్కుంటే ఎవరైనా చిన్నబుచ్చుకుంటారా అని. చాలామంది నవ్వేవాళ్లు. కొందరు నవ్వకుండా భార్య వైపో, కొడుకు వైపో చూసేవాళ్లు. అలాంటివాళ్లతో, మాట ఊరు చేరకముందే, నేనే దుకాణం దాకా నడిచి వెళ్లి, వస్తువు కొనిపించి, పెట్టె విప్పించి చేతిలో పెట్టి, ఆ తర్వాతే బస్సెక్కించేవాణ్ణి.