బొమ్మ నవ్వుతూనే ఉంది

మాది రాజంపేట. మా చెల్లెలు సుజాత ఓర్వకల్లులో ఉద్యోగం చేస్తూ ఒక్కతే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరం వీఆర్ కళ్లద్దాలు తగిలించుకుని, ఎదురెదురుగా కూర్చున్నట్టే భోంచేస్తాం. అందులో తన బదులు ఒక బొమ్మ కనబడుతుంది. తను చేతులు ఎలా కదిపితే అదీ అలాగే కదుపుతుంది. ముఖం మాత్రం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది.

ఆ రోజు సంగటి, నాటుకోడి పులుసు. గలగలా మాట్లాడుతున్న సుజాత ఠక్కున ఆగిపోయింది. బొమ్మ రెండు చేతులతో గొంతు పట్టుకుంది. ముఖంలో అదే నవ్వు.

"ఏందే, ఆటలా?" అన్నాను. బొమ్మ చేతులు గొంతు వదల్లేదు. గొంతులో ముక్క అడ్డం పడిందని అర్థమై, తన వీపు చరచబోయాను. నా చెయ్యి బొమ్మలోంచి దూరిపోయి గోడకు తగిలింది.

కళ్లద్దాలు లాగేసి, వాళ్ల పక్కింటి షాహినక్కకు ఫోన్ చేశాను. "అక్కా, తొందరగా పో! సుజాతకు ఊపిరాడ్డంలా!"

ఫోన్లో పరుగు, తలుపు చప్పుడు, వీపు మీద దబదబా గుద్దులు వినిపించాయి. చివరికి షాహినక్క, "ముక్క బయట పడిందమ్మా. ఏడుస్తాండాది, ఏం భయం లేదు" అంది.

కాసేపటికి సుజాత ఫోన్ తీసుకుంది. "అక్కా, నువ్వు చెయ్యి చాపింది కనబడింది. దెబ్బే తగల్లా."

అంత దగ్గరగా కనబడే చెల్లెలు ఎంత దూరంలో ఉందో ఆ రోజే తెలిసింది. ఇప్పటికీ కలిసే తింటాం. కానీ షాహినక్క తన కంచం తెచ్చుకుని సుజాత పక్కన కూర్చున్నాకే మొదటి ముద్ద.