అయిదు రాళ్ళు, అయిదు ఊళ్ళు

మా మాస్టారు పోయారన్న సంగతి నాకు బస్సు రేడియోలో తెలిసింది. పొద్దున ట్రిప్పు అయిపోయి, పిల్లల్ని స్కూల్లో దింపేసి వస్తున్నాను. "అందరూ నేరుగా యార్డ్‌కి వచ్చేయండి, ఒక మాట చెప్పాలి" అంది డిస్పాచ్‌లో కూర్చునే ఆవిడ. ఆ రేడియోలో ఏదో ఒకటి కూయకపోతే నాకు తోచదు. "ఏం, జీతాలు పెంచారా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. "నువ్వు ముందు బండి పక్కన ఆపు" అంది. ఆపాక చెప్పింది. తెల్లారుతుండగా, కూతురింట్లో, కుర్చీలోనే.

న్యూజెర్సీలో, మా పార్సిప్పనీలో మన తెలుగువాళ్ళంతా కంప్యూటర్ల వాళ్ళే. మా ఆవిడ కూడా. ఆవిడ హెచ్‌వన్‌బీ వీసా మీద వచ్చింది, నేను ఆవిడ కొంగు పట్టుకుని వచ్చాను. ఇంటర్ రెండుసార్లు తప్పినవాడికి ఇక్కడ ఎవరు ఉద్యోగం ఇస్తారు? వర్క్ పర్మిట్ చేతికొచ్చాక పసుపు రంగు స్కూల్ బస్సు స్టీరింగ్ దొరికింది. ఆ స్టీరింగ్ పట్టుకోవడం నేర్పినాయనే మా మాస్టారు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఐర్లండ్ నుంచి వచ్చిన మనిషి. డెబ్బై ఎనిమిదేళ్ళకి పోయారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే అయినా నా చెవిలో తెలుగైపోయి ఉండిపోయింది. అలాగే రాస్తున్నాను.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మన సంఘం పత్రికవాళ్ళు అడిగారు. నాలుగు కాదు, నలభై ఉన్నాయి. కానీ నేను ఆయనకి ఒక అబద్ధం చెప్పాను. ఒప్పుకుందాం, ఒప్పుకుందాం అనుకుంటూ ఉండగానే ఆయన వెళ్ళిపోయారు. అది దాచిపెట్టి ఈ మంచి మాటలు రాస్తే ఇదీ ఇంకో అబద్ధమే అవుతుంది.

మొదటి రోజు ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న, "ఇండియాలో ఎక్కడ?" హైదరాబాద్ అన్నాను. తెల్లవాళ్ళు అడిగితే మనందరం హైదరాబాద్ వాళ్ళమే కదా.

"అది అందరూ చెప్పేదే. మీ అమ్మ పొయ్యి ఉన్న ఊరు చెప్పు."

తుని పక్కన మూడొందల గడప ఉన్న మా ఊరి పేరు చెప్పాను. ఆయన రెండు రోజులు దాన్ని నోట్లో వేసుకుని నమిలి, మూడో రోజు సరిగ్గా పలికారు. మన వాళ్ళు కూడా "తుని దగ్గరా, ఓకే ఓకే" అని వదిలేసే ఊరు అది. అమెరికాలో దాని పేరు మొత్తం పలికిన మొదటి మనిషి ఆయనే.

ఇంత మంచాయన్ని నేను వదిలానా? ట్రైనింగ్‌లో ఆయన నా పక్క సీట్లో కూర్చునేవారు. మన అపార్ట్‌మెంట్ల దగ్గర స్టాపులో తల్లులందరూ నిలబడి ఉంటారు. "తెలుగులో గుడ్ మార్నింగ్ ఎలా చెప్పాలి?" అని అడిగారు. "టిఫినేంటి?" అని నేర్పాను. మర్నాడు తలుపు తెరుచుకోగానే టోపీ తీసి, నడుం వంచి, ఎంతో మర్యాదగా "టిఫినేంటి?" అన్నారు. ఒకావిడ నవ్వలేక ఫెన్సు పట్టుకుంది. ఇంకో వారానికి సిల్వర్ ఫాయిల్‌లో చుట్టిన ఇడ్లీలు, పెసరట్లు రావడం మొదలైంది. "అంకుల్‌కి ఇవ్వరా" అని పిల్లల చేతుల్లో పెట్టేవాళ్ళు. అన్నీ ఆయనకే. నాకు ఒక్కరు ఒక్క వడ ఇవ్వలేదు. అసలు అర్థం ఎవరో చెప్పేశాక కూడా ఆయన మానలేదు. "నీ గుడ్ మార్నింగ్ కంటే ఇదే బాగుంది" అన్నారు, నా ముందే అల్లం చట్నీ నాకుతూ.

ఆయన నన్ను పట్టుకున్న తీరు వేరు. ట్రిప్పు అయ్యాక డ్రైవర్ చివరి సీటు దాకా నడిచి, ఎవరైనా పిల్ల నిద్రపోయి ఉండిపోయిందేమో చూసి సంతకం పెట్టాలి. రెండో వారంలో నేను అద్దంలోంచి ఒక చూపు చూసి సంతకం గీకేశాను. ఆయన కాగితం చదివి, "నా టోపీ ఏది?" అన్నారు.

"మీ తల మీద లేదా?"

"చివరి సీట్లో ఉంది. దానికి ఆరేళ్ళు. ఇప్పుడే నిద్ర లేచింది. తలుపులు వేసి ఉన్నాయి. అమ్మ కోసం ఏడుస్తోంది."

నేను నడిచి వెళ్ళి ఆ టోపీ తెచ్చాను. ఆయన నా సంతకం చింపేశారు. తిట్టలేదు. "చూడకుండా చూశానని రాయకు అబ్బాయ్. మిగతావన్నీ నేను నేర్పగలను, అది మాత్రం నా వల్ల కాదు" అన్నారంతే. అది ఎంత నిజమో తర్వాత మీకే తెలుస్తుంది.

ఆయన, ఆయన అన్న కలిసే వచ్చారట ఈ దేశానికి. దిగుతూనే గ్రీన్ కార్డులు. ఈ సంగతి ఒక భోజనాల దగ్గర చెప్తే, ఆ కార్డు కోసం పన్నెండేళ్ళుగా క్యూలో ఉన్న మావాడొకడు ప్లేటు కింద పెట్టేశాడు. "దిగగానేనా? లక్కీ ఫెలోస్‌రా బాబూ! నా ప్రయారిటీ డేట్ చూస్తే నా మనవడికి వచ్చేలా ఉంది." నవ్వుకుంటారని మాస్టారికి చేరవేశాను. నవ్వారు కూడా.

"మీవాడికి చెప్పు. ఆ కార్డు వచ్చిన ఏడాదికి ఇంకో కవరు కూడా వచ్చేది."

అది పటాలంలోకి పిలుపు. సిటిజన్ కాకపోయినా ఇక్కడ కాపురం పెట్టిన కుర్రాళ్ళకి అది తప్పేది కాదట. అన్నదమ్ములిద్దరికీ వచ్చింది. ఈయనకి ఎడమ చెవి వినపడదని వదిలేశారు. అన్నని వియత్నాం పంపారు. పది నెలలు. ఓటైనా లేని దేశం జెండా కప్పుకుని తిరిగి వచ్చాడు. ఐర్లండ్‌లో వాళ్ళ ఊరికి అది పరాయి యుద్ధం. ఇక్కడి వాళ్ళకి వాడు పరాయి పిల్లాడు. "ఏడవడానికి రెండు ఊళ్ళున్నాయి, రెంటికీ సగం సగమే ఏడుపొచ్చింది" అనేవారు మాస్టారు.

అన్న సమాధి ఉన్న శ్మశానంలోనే అలాంటి ఐర్లండ్ కుర్రాళ్ళు ఇంకో నలుగురున్నారు. ఇద్దరు కొరియాలో పోయినవాళ్ళు, ఇద్దరు వియత్నాంలో. సర్కారు వేసిన రాళ్ళు, అన్నీ ఒకేలా ఉంటాయి. పేరు, న్యూజెర్సీ, ఏ యుద్ధం, పుట్టిన రోజు, పోయిన రోజు. అంతే. ఊరు ఉండదు. ఆయనకి అదే బాధ. "వీళ్ళ అమ్మలు వీళ్ళని న్యూజెర్సీలో కనలేదు" అనేవారు. అయిదుగురి ఊళ్ళూ ఎవరెవరినో అడిగి, ఉత్తరాలు రాసి కనుక్కున్నారు. యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకోవడానికి మే నెల చివర్లో సోమవారం సెలవిస్తారు కదా, ఆ మెమోరియల్ డే నాడు వెళ్ళి, ఒక్కొక్క రాయి కడిగి, పేరు చెప్పి, ఊరు చెప్పేవారు. "ఫలానా, కిల్‌రష్ నుంచి." "ఫలానా, బెల్‌ముల్లెట్ నుంచి." జపం లేదు, ఉపన్యాసం లేదు. చివర్న అన్న రాయి దగ్గర కూర్చుని ఫ్లాస్కులో టీ.

ఆయన రిటైరయ్యాక వరసగా మూడేళ్ళు నన్నూ తీసుకెళ్ళారు. నీళ్ళ డబ్బా, బ్రష్షు నావి. ఊళ్ళ పేర్లు నేను నేర్చుకోవాలని కాగితం మీద రాసిచ్చారు. నేను ఒక్కొక్కదాని కింద తెలుగులో రాసుకున్నాను. ఆయన కళ్ళజోడు ఎత్తి చూసి, "మా ఊళ్ళు ఇంత గుండ్రంగా ఉంటాయా!" అన్నారు.

మొదటి ఏడు అక్కడ కూడా నా వేషం మానలేదు. ఆయన ఒక పేరు పిలవగానే రాయి వెనక నుంచి గొంతు మార్చి "హాజర్ సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. కాసేపటికి, "వీళ్ళయితే నవ్వేవాళ్ళు. ఆ జోకుకి సరైన వయసు వీళ్ళదే. ముసలాణ్ణయింది నేను" అన్నారు. అప్పుడు ఆ రాళ్ళ కింద ఉన్నది ఇరవయ్యేళ్ళ వెధవలని, నాలాంటి వెధవలేనని నాకు మొదటిసారి తట్టింది.

పోయిన మే నెలకి ఆయన గుండె బాగా దెబ్బతింది. కూతురు తనింటికి తీసుకెళ్ళింది. చక్రాల కుర్చీ వచ్చింది. ముందు రోజు ఫోన్ చేశారు.

"ఈసారి నువ్వు వెళ్ళాలి అబ్బాయ్. అక్కణ్ణుంచి ఫోన్ చెయ్యి, నేను వింటాను. పదింటికి."

"మీరు దిగులు పడకండి మాస్టారూ, నేను చూసుకుంటాను" అన్నాను.

ఆ రోజే పార్కులో మా బ్యాచ్ పిక్నిక్. గ్రిల్ దగ్గర నేను లేకపోతే వాళ్ళకి చికెన్ కాలదు. తెల్లారి వాన పడి ఆగింది. శ్మశానం చూస్తే పార్కుకి సరిగ్గా ఎదురు దిక్కు, పాతిక నిమిషాలు. ఊళ్ళ పేర్లే కదా, ఫోన్‌లో వినేదే కదా, నేను ఎక్కడ నిలబడితే ఏం అనుకున్నాను. పది గంటలకి పార్కింగ్ లాట్ చివర, చెట్ల వెనక్కి వెళ్ళాను.

"ఏందన్నా, చెట్లెనక ఎవరికి కాల్ కొడుతున్నవ్?" అని అరిచాడు వరంగల్ తమ్ముడు.

"నోర్ముయ్, ఇంపార్టెంట్ కాల్."

"చికెన్ మాడితే నాదేం లేదు మల్ల!"

ఫోన్ కలిపాను. కొంచెం ఆయాసపడ్డాను, గడ్డిలో నడిచి వచ్చినట్టు. మొదటి పేరు, మొదటి ఊరు చెప్పాను.

"రాయి కడిగావా?" అన్నారు మాస్టారు.

"కడుగుతున్నా మాస్టారూ, వినండి." చేతిలో గ్రిల్ తోమే వైరు బ్రష్షుంది. సీసాలో నీళ్ళు ఫుట్‌పాత్ అంచు మీద పోసి, ఆ బ్రష్షుతో బరబరా గీకాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, గీకుతూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండో రాయి, మూడో రాయి. ఒక్కొక్కదానికీ మధ్య ఆయన "కాస్త ఆగు" అనేవారు. ఊపిరాడక అనుకున్నాను.

"గడ్డి తడిగా ఉందా?" అని అడిగారు ఒకసారి.

"బాగా. నా బూట్లు నానిపోయాయి."

"అవును, నానిపోతాయి" అన్నారు.

అయిదోది ఆయన అన్నది. అప్పటికే వెనక నుంచి "అన్నా, పొగొస్తుంది!" అని కేకలు. పేరు చెప్పాను, ఊరు సగం మింగేశాను. "అయిపోయింది మాస్టారూ, మా ఆవిడ ఫోన్ చేస్తోంది, మళ్ళీ మాట్లాడతా" అని కట్ చేసి పరిగెత్తాను.

తర్వాత, ఇక్కడ జూన్‌లో మొదలయ్యే ఎండాకాలంలో రెండుసార్లు చూడ్డానికి వెళ్ళాను. నా బస్సు గురించి అడిగారు, మా అమ్మ మోకాలి గురించి అడిగారు. ఆ రోజు సంగతి ఎత్తలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పేద్దామని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తీరా వెళ్ళి, వాళ్ళ నర్సు నడకని అనుకరించి ఆయన్ని నవ్వించి వచ్చేశాను. నాకు నవ్వించడం వచ్చినంత తేలిగ్గా ఇంకేదీ రాదు.

చనిపోయిన మూడో రోజున ఆయన కూతురింట్లో అందరూ చేరారు. వాళ్ళలో శవం దగ్గర కూర్చుని టీ తాగుతూ, పోయిన మనిషి చేసిన అల్లర్లన్నీ చెప్పుకుని నవ్వుకుంటారు. నేను "టిఫినేంటి" కథ చెప్పాను, గదంతా ఊగిపోయింది. ఆయన కూతురు నన్ను వంటింట్లోకి పిలిచి టీ కప్పు అందించింది. నా ఈడుదే.

"నాన్న నీకు చెప్పొద్దన్నారు. ఇప్పుడు చెప్తే తప్పు లేదనుకుంటాను. ఆ రోజు మేం అక్కడే ఉన్నాం."

"ఎక్కడ?"

"శ్మశానంలో. పొద్దున్నే ఆయనకి ఓపిక వచ్చింది. నిన్ను ఆటపట్టిద్దామని, నువ్వొచ్చేసరికి పెదనాన్న రాయి దగ్గర కూర్చుని ఉండాలని మా ఆయన చేత కుర్చీ తోయించుకుని వచ్చారు. నీకూ కలిపి నాలుగు కప్పులు తెచ్చుకున్నారు. అరగంట గేటు వంకే చూశారు. అప్పుడు నీ ఫోన్ వచ్చింది."

నేను కప్పు గట్టు మీద పెట్టేశాను.

"నువ్వు కడుగుతున్నానంటుంటే మా ఆయనకి మండిపోయింది. ఫోన్ లాక్కోబోయాడు. నాన్న చెయ్యి అడ్డం పెట్టి, 'వాడు ఊళ్ళన్నీ సరిగ్గా పలుకుతున్నాడు, ఉండు' అన్నారు."

ఒక చెవి పని చెయ్యదు కాబట్టి ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. ఆ ఫోన్‌ని చాచిన చేత్తో మొదటి రాయికి దగ్గరగా పట్టుకున్నారట. నేను పార్కింగ్ లాట్‌లో చెప్పిన ఊరు ఆ రాయి దగ్గర వినిపించింది. తర్వాత తడి గడ్డిలో కుర్చీ చక్రాలు దిగబడుతుంటే ఇద్దరూ చెరోవైపు తోసి రెండో రాయి దగ్గరికి తీసుకెళ్ళారు. "కాస్త ఆగు" అన్నది అందుకు.

ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను ఏదో ఒక జోకు వేసి బయటపడేవాణ్ణి. ఆయనకి ఆ సంగతి తెలుసు.

ఆ ఆదివారం నేను శ్మశానానికి వెళ్ళాను. అయిదు రాళ్ళూ కడిగాను, అయిదు ఊళ్ళూ మింగకుండా చెప్పాను. గొప్పకి రాయడం లేదు. వినవలసిన మనిషి వినలేదు, అంతే.

ఆవిడ వంటింట్లో చివరగా చెప్పిన మాటొకటి ఉంది. అన్న రాయి దగ్గర ఆయన బాగా ముందుకు వంగారట, కుర్చీలోంచి పడిపోతారేమోనని ఈవిడ కోటు పట్టుకుందట. ఫోన్‌లో నేను సగం ఊరు చెప్పి కట్ చేశాను. ఆయన చెయ్యి తియ్యలేదు. తెర మీద వెలుగు ఆరిపోయింది. అయినా ఆ నల్లటి ఫోన్‌ని అన్న పేరుకి ఆనించి, మిగతా సగం ఇంకా రావాలన్నట్టు, వంగి అలాగే పట్టుకుని ఉన్నారట.